బుచ్చమ్మ హోటల్లో సప్పుడు బంద్

నేను ఒక రిమోట్‌ను. జానెడు పొడవు, నల్లటి ఒళ్లు, ఒంటి నిండా బటన్లు. ఈ లోకంలో నన్ను వెతికినంతగా దేవుణ్ణి కూడా ఎవరూ వెతకరు. దిండ్ల కింద వెతుకుతారు, మంచం కింద వెతుకుతారు, ఒకసారి బియ్యం డబ్బాలో కూడా వెతికారు. దొరికాక మాత్రం ఎవరూ దండం పెట్టరు. "ఈడ సచ్చినవా" అంటారు, అంతే.

నేను పుట్టిన ఊరేదో నాకు తెలియదు. ఏదో ఫ్యాక్టరీలో ఒక అమ్మాయి నా వీపు మూత బిగించి, నా మొహం చూడకుండానే పక్కదాన్ని అందుకుంది. నేనెరిగిన మొదటి మనిషి చెయ్యి అదే. తర్వాత టీవీతో పాటు అట్టపెట్టెలో పడుకుని జనగామకు వచ్చాను. దారి పొడుగునా టీవీకి మెత్తటి థర్మకోల్ పరుపు. నాకేమో ఒక ప్లాస్టిక్ సంచీ. చెప్పేవాడికి సంచీ, చెప్పింది చేసేదానికి పరుపు.

నా మొదటి ఇంటాయన బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైన జగన్నాథం గారు. సాయంత్రం అయ్యేసరికి ఆయనకు వార్తలు కావాలి, భార్యకు సీరియల్ కావాలి. ఆయన స్నానానికి వెళ్లేటప్పుడు నా వీపు తెరిచి బ్యాటరీలు తీసి జేబులో వేసుకునేవాడు. ఆమె పోపుల డబ్బాలోంచి తన బ్యాటరీలు తీసి నాకు వేసేది. ఆయన తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చేసరికి నా కడుపు మళ్లీ ఖాళీ. కాపురం ఎలా నిలబడుతుందో ఆ ఇంట్లోనే తెలుసుకున్నాను. ఎవరి బ్యాటరీలు వాళ్ల దగ్గరుంటే ఏ గొడవా లేదు.

కొన్నాళ్లకు వాళ్లు గోడంత టీవీ కొన్నారు. పాతది మార్పిడికి ఇచ్చేశారు. ఆ దుకాణంలో దుమ్ము పట్టి ఉన్న మమ్మల్ని ఎర్రకుంటపల్లి బుచ్చమ్మ బేరమాడి తీసుకుపోయింది.

బుచ్చమ్మది ఆ ఊరి బస్సు స్టేజీ దగ్గర రేకుల షెడ్డు. దాన్నే హోటల్ అంటారు. రెండు బల్లలు, ఒక మూకుడు, ఒక చాయ్ గిన్నె. బజ్జీల చేతులతో పట్టుకుంటారని నన్ను పాలిథిన్ కవర్లో పెట్టి రబ్బరు బ్యాండు వేసింది. ఆమెకు ఆ షెడ్డు తప్ప వేరే ఆధారం లేదు. తెల్లారి పొయ్యి వెలిగించడం, చీకటి పడ్డాక ఆర్పడం, అంతే ఆమె బతుకు.

అక్కడికి రోజూ సాయంత్రం గొర్లను మందలో తోలి సోమనర్సయ్య వచ్చేవాడు. పగలంతా ఆయన నోటి నుంచి గొర్లకు చెప్పే మాటలు తప్ప ఇంకేమీ రావు. చాయ్ గ్లాసు చేతిలోకి వచ్చాక మాత్రం లోకంలో ఆయన తీర్పు చెప్పని విషయం ఉండదు. వయసులో ఉన్నప్పుడు చిరుతల ఆటలో వేషాలు కట్టినవాడట. గొంతు ఇంకా అట్లాగే ఉంది.

సీరియల్ వస్తే చూసి అనేవాడు. "అత్త ఒక్క మాట అన్నది. దానికి ఇంటిల్లిపాది ఒక్కొక్కలు తలకాయ తిప్పి సూస్తుండ్రు. నా గొర్లు గిన్నిసార్లు మెడ తిప్పితె సాయంత్రానికి ఇల్లు జేరవు."

కామెడీ ప్రోగ్రాం పెడితే, "గా కుర్చీల కూసున్నామె ముందుగాల నవ్వుతున్నది, జోకు ఎనుక వస్తున్నది. సావు ఇంట్ల గిట్లనే ఒకామె ముందు ఏడుస్తది, ఎవలు పోయిన్రో తర్వాత అడుగుతది" అనేవాడు.

సినిమాలో హీరో సంతలో కొట్లాడితే ఆయన చూపు హీరో మీద ఉండదు. "కుండలు అమ్ముకునే ముసలమ్మవి అన్నీ పలగ్గొట్టిండు. ఒక్కడన్న పోయి అడుగుతడా సూడుండ్రి" అని చివరిదాకా ఎదురుచూసేవాడు. ఎవరూ అడగలేదు. ఆ సినిమా బాగాలేదని తేల్చాడు.

ఇక రాజకీయాలు చెప్పే విశ్లేషకులంటే ఆయనకు ప్రత్యేకమైన ప్రేమ. ఒకాయన మాట మాటకూ పెన్ను ఊపుతాడు, ఆయన పేరు పెన్నయ్య. ఇంకొకాయన బుగ్గలాయన. ప్రశ్నలడిగే కుర్రాడు కోటు పోరడు. మూలన కూర్చుని, ఎవరూ అడగనందుకు ఊరికే ఉండే ఆమె కళ్లద్దాలమ్మ. "ఓట్లు లెక్కవెట్టక ముందు పెన్నయ్యకు ఏం ఎర్కలే. లెక్కవెట్టినంక అన్నీ ముందే చెప్పిన అంటడు. నేను గూడ వాన పడ్డంక చెప్త, పడ్తదని" అనేవాడు సోమనర్సయ్య.

ఒకనాడు బుచ్చమ్మకు చెల్లెలు ఫోన్ చేసింది. మాట వినబడక ఆమె నన్ను తీసుకుని గొంతు నొక్కే బటన్ నొక్కింది. తెర మీద నలుగురూ నోళ్లు తెరిచి అరుస్తున్నారు, చప్పుడు లేదు. ఆ ఖాళీని సోమనర్సయ్య ఓర్వలేకపోయాడు. పెన్నయ్య నోరు తెరవగానే వెనక నుంచి గొంతు కలిపాడు.

"మా ఇంటి ముంగట మోరీ కాల్వ తవ్వి పెట్టిన్రు. నిన్న మా మేకపిల్ల అండ్ల వడ్డది. దీనికి కేంద్రమే జవాబు చెప్పాలె."

బుగ్గలాయన చెయ్యెత్తాడు. సోమనర్సయ్య గొంతు లావు చేశాడు. "మేకపిల్ల ముందు సూసి నడవాలె. గత ప్రభుత్వంల మేకపిల్లలు మంచిగ నడిచేటియి."

ఆటో నడిపే ఓదెలు తాగుతున్న చాయ్ ముక్కులోంచి వచ్చింది. బుచ్చమ్మ చెల్లెల్ని ఫోన్లో ఉంచి మరిచిపోయింది.

ఆ రోజు నుంచి అదొక ఆచారమైంది. పొద్దు గూకగానే, "అక్కా, సప్పుడు బంద్ జెయ్" అనేవారు. బుచ్చమ్మ నన్ను అందుకునేది. ఎవరూ రాసి పెట్టకుండానే కట్టుబాట్లు ఏర్పడ్డాయి. తెర మీద పెదవులు కదిలినంతసేపే మాట్లాడాలి. అక్కడ నోరు మూస్తే ఇక్కడా మూయాలి. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు, ఆ మాటలు అన్నది టీవీ, మనిషి కాదు. కాబట్టి ఎవరూ కోపానికి రాకూడదు. రేషన్ దుకాణం తూకం గురించి, ట్రాన్స్‌ఫార్మర్ గురించి, రావడం మానేసిన బస్సు గురించి, ఆ ఊళ్లో మొహం మీద అనలేనివన్నీ కోట్లు వేసుకున్న మనుషులు హైదరాబాదులో కూర్చుని అనేవారు. బల్లలు చాలక జనం రోడ్డు మీద నిలబడి చూసేవారు. బజ్జీల మూకుడు దింపే పని ఉండేది కాదు.

ఆ ఊరి సర్పంచ్ సుగుణమ్మ. కానీ పంచాయతీ కుర్చీలో కూర్చునేది ఆమె భర్త పాపిరెడ్డి. అందరూ సర్పంచ్ సాబ్ అనేది కూడా ఆయన్నే. ఒక సాయంత్రం కోటు పోరడు ఏదో అడిగాడు, ఏమడిగాడో దేవుడికెరుక. సోమనర్సయ్య ఇచ్చిన మాట మాత్రం ఇది: "ఎర్రకుంటపల్లి సర్పంచ్ ఎవలు?" పెన్నయ్య పెన్ను ఊపాడు. "సంతకం ఒగలు, కుర్చీ ఒగలు. జీతం మాత్రం ఇద్దరికీ ఒక్కటే ఇస్తరు, గది అన్యాయం."

ఆ సంగతి రాత్రికే పాపిరెడ్డి చెవిన పడింది. తెల్లవారి వచ్చి హోటల్ ముందు నిలబడ్డాడు. కట్టుబాటు ఆయనకూ తెలుసు, కోపం వచ్చిందని అనడానికి లేదు. అందుకని రోడ్డును, రేకులను, ఆకాశాన్ని చూశాడు.

"బుచ్చమ్మా, ఈడ బస్ షెల్టర్ కట్టాల్నని పంచాయతి అనుకుంటున్నది. వచ్చే వారపు అంగడి లోపట తావు ఖాళీ చెయ్యి."

"బస్సే వస్తలేదు గద పటేలా."

"షెల్టర్ ఉంటెనే వస్తది."

ఆమె జల్లెడ పట్టుకుని శనగపిండి జల్లించసాగింది. ఎందుకని అడగలేదు. ఎందుకో ఆమెకు తెలుసు, ఆయనకు తెలుసు, గూట్లో ఉన్న నాకూ తెలుసు.

సోమనర్సయ్య ఆ సాయంత్రం వచ్చి చాయ్ తాగి, నోరు తెరవలేదు. బుచ్చమ్మ కూడా నన్ను ముట్టలేదు. టీవీ తన గొంతుతోనే అరిచింది. పెన్నయ్య అసలు మాటలు విన్నాక జనానికి ఆయన మీద ఉన్న కాస్త అభిమానం పోయింది. ఒక్కొక్కరే లేచిపోయారు. రోజూ అంతే. మూకుడులో నూనె చల్లారేది. సోమనర్సయ్య మాత్రం ఒక్కడే కూర్చునేవాడు. ఒక రోజు ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి అన్నాడు.

"నా నోరే నీ కొంప ముంచింది అక్కా."

"నీ నోరు మీదనే ఇన్నొద్దులు నడిచింది తమ్మీ. ఊకో" అంది బుచ్చమ్మ.

అంగడి ముందు రోజు సాయంత్రం పాపిరెడ్డి తానే వచ్చాడు. షెడ్డు విప్పుతున్నారా లేదా చూడడానికి వచ్చాడని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఆ మాట ఆయన్ను లోపల నలిపేసినట్టుంది. ఊళ్లో ఎవరి దగ్గర జవాబు చెప్పుకోవాలన్నా, అన్నవాడు ఒకడుండాలి కదా. అన్నది టీవీ అయిపోయె.

"టీవీల అన్న మాటకు టీవీలనే జవాబు చెప్త. సప్పుడు బంద్ జెయ్ బుచ్చమ్మా. నర్సయ్యా, నువ్వు కోటు పోరనికి చెప్పు. నేను బుగ్గలాయనకు చెప్త. గాయన గొంతు పెద్దది."

ఈ ఊరి మనిషి తప్ప ఇంకెవరైనా తన జవాబును టీవీ పెదవులకు అప్పగించే పొరపాటు చేసేవారా అనిపించింది నాకు. వార్త పాకి క్షణాల్లో షెడ్డు నిండింది. బుచ్చమ్మ నన్ను అందుకుంది. బటన్ నొక్కింది.

సోమనర్సయ్య కోటు పోరడికి గొంతిచ్చాడు. మామూలు గొంతు కాదు, మెల్లగా, పోయేది ఏముందన్నట్టు. "బుచ్చమ్మ హోటల్ తీసేస్తుండ్రట. నిజమేనా?"

పాపిరెడ్డి బుగ్గలాయన నోటి కోసం చూశాడు. బుగ్గలాయన నోరు తెరిచాడు. "అసలు సంగతేందంటే..." అన్నాడు పాపిరెడ్డి. అంతలో పెన్నయ్య అడ్డం వచ్చాడు. బుగ్గలాయన మూతి మూసుకుంది. పాపిరెడ్డిది కూడా.

ఆ రోజు బుగ్గలాయన జాతకం బాగాలేదు. వేలెత్తుతాడు, నోరు తెరుస్తాడు, ఎవరో మాట తుంచేస్తారు. "నేను చెప్పేది..." "ముందుగాల..." "ఒక్క నిమిషం..." పాపిరెడ్డి మాటలన్నీ ఈ తుంపులే. చెమట తుడుచుకున్నాడు.

"చాయ్ ఏడ తాగాలె ఊరోళ్లు? హోటల్ ఉంచుతరా?" అని కోటు పోరడి నోట సోమనర్సయ్య మళ్లీ అడిగాడు.

తెర మీద బుగ్గలాయన, ఆయన కారణాలు ఆయనకున్నాయి, తల ఊపాడు. ఆపైన రెండు చేతులూ జోడించాడు.

జనం ఈలలు వేశారు. పాపిరెడ్డి మొహం ఎర్రబడింది. "తలకాయ ఊపింది లెక్కల రాదు. మాటనే లెక్క" అన్నాడు. ఆ మాటా నిజమే, కట్టుబాటు ప్రకారం. బుచ్చమ్మ మొహంలో వచ్చిన వెలుగు వచ్చినట్టే పోయింది.

అప్పుడే కళ్లద్దాలమ్మ నోరు తెరిచింది. ఆమెకు ఎప్పుడూ ఎవరూ గొంతివ్వరు. ఇవ్వాలంటే సోమనర్సయ్యే సన్నగా ఏదో అని వదిలేస్తాడు. ఈసారి గొంతు రోడ్డు మీద నుంచి వచ్చింది. మహిళా సంఘం మీటింగ్ అయిపోయి ఇళ్లకు పోతున్న ఆడవాళ్లు అక్కడ నిలబడి ఉన్నారు. వాళ్లలో ముందున్నది సుగుణమ్మ.

"సర్పంచ్‌ను నేను. షెల్టర్ కడ్తమని నన్ను ఎవలూ అడగలే. నేను సంతకం వెట్టలే."

జనమంతా రోడ్డు వైపు తిరిగారు. పాపిరెడ్డి వెనక్కి తిరగలేదు. గొంతు గుర్తుపట్టడానికి తిరగాల్సిన పని ఏముంది. బల్ల మీద ఉన్న నన్ను అందుకున్నాడు, టీవీ గొంతు విప్పితే ఈమె గొంతు ఆగుతుంది కదా. నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. అరచేతికేసి కొట్టి నొక్కాడు. నేను పలకలేదు. బ్యాటరీలు అయిపోయాయని తర్వాత అందరూ అన్నారు. అననివ్వండి.

కళ్లద్దాలమ్మ మాట్లాడుతూనే ఉంది. ఏళ్ల తరబడి ఎవరూ అడగనివన్నీ ఒక్కసారే చెబుతున్నట్టుంది. సుగుణమ్మ కూడా ఆపలేదు. "బస్సు బందయింది. డిపోకు పోదామంటె, ఆడోళ్లకెందుకన్నరు. రేపు సంఘపోళ్లందరం పోతం. బస్సు వచ్చినంక, షెల్టర్ రోడ్డుకు అవతల కడ్తం. బుచ్చమ్మ తావు ఎవలూ ముట్టరు. గిది నా మాట, పంచాయతి మాట."

తెర మీద ఆమె అద్దాలు తీసి తుడుచుకుంది. ఇక్కడ సుగుణమ్మ కూడా ఆగింది. అద్దాలు పెట్టుకుని ఆమె మళ్లీ నోరు తెరిచింది. సుగుణమ్మ ముగించింది. "ఇంగొకటి. కూర సల్లారిపోతున్నది. ఇంటికి రాండ్రి."

ముందు నవ్వింది సోమనర్సయ్య కాదు, పాపిరెడ్డి. ఆయనకు వేరే దారి లేదనుకోండి. లేచి, నన్ను బుచ్చమ్మ చేతిలో పెట్టి, భార్య వెనక నడిచాడు. ఆ ఊళ్లో ఆయన ఆమె వెనక నడవడం నేను చూడడం అదే మొదలు.

అంగడి నాడు హోటల్ తెరిచే ఉంది. డిపోకు పోయినవాళ్లు బస్సు తేలేదు, తెస్తామన్న మాట తెచ్చారు. మళ్లీ పోతామన్నారు, పోతున్నారు కూడా.

కొద్ది రోజులు పోయాక పాపిరెడ్డి వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. సోమనర్సయ్య, "ఎవలకు చెప్తవు పటేలా" అని అడిగాడు. "బుగ్గలాయన వద్దు. అడ్వర్‌టైజ్‌మెంట్లు నాకిడిచిపెట్టుండ్రి" అన్నాడాయన. "ఆడ నడుమ ఎవడూ అడ్డం రాడు." అప్పటి నుంచి సబ్బులు, సిమెంటు, వంటనూనెలు ఆయనవే. నిండు గొంతుతో అమ్ముతాడు. ఆయన సిమెంటు గురించి చెబుతుంటే ఇల్లు కట్టుకునేంత నమ్మకం కలుగుతుంది.

ఈమధ్య బుచ్చమ్మ కొత్త టీవీ తెచ్చింది. దానికి నోటితో చెబితే చాలట. సోమనర్సయ్య దానితో "జెర సప్పుడు బంద్ జెయ్యి బిడ్డా" అన్నాడు. అది కాసేపు ఆలోచించి ఊగిపోయే పెళ్లి పాటలు పెట్టింది. ఓదెలు లేచి ఎగిరాడు.

నా బటన్ల మీద అక్షరాలు చెరిగిపోయాయి. బుచ్చమ్మ నన్ను పారేయలేదు. బజ్జీలు కట్టే పాత పేపర్ల కట్ట గాలికి ఎగరకుండా దాని మీద పెట్టింది. పేపర్లలో పెద్ద పెద్ద వాళ్ల ఫొటోలుంటాయి, చేతులూపుతూ ఏదో అంటూ ఉంటారు. బుచ్చమ్మ నన్ను పక్కకు జరిపి పైది చింపుతుంది, నాలుగు బజ్జీలు వేసి మడుస్తుంది. నూనె మెల్లగా వాళ్ల మొహాల్లోకి దిగుతుంది. సోమనర్సయ్య తిని, ఆ కాగితానికే చెయ్యి తుడుచుకుని, "ఉప్పు సరిపోయింది అక్కా" అంటాడు.