లిఫ్టు సినిమాకు ఎన్నో స్థానం?

డయాలసిస్ గదిలో కిటికీ పక్క కుర్చీ లెక్కల మాస్టారిది. సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం ఏడింటికల్లా వచ్చి, బరువు చూపించుకుని, చేతికి రెండు సూదులు గుచ్చించుకుని కూర్చుంటే మళ్ళీ లేచేది పదకొండు దాటాకే. ఆయన పక్క కుర్చీ బస్సు డ్రైవరుది, ఎదుటి కుర్చీ టైలరమ్మది. మూడు యంత్రాలు ముగ్గురి రక్తాన్నీ శుభ్రం చేస్తుంటే ఆ నాలుగు గంటలూ వాళ్ళు మాట్లాడుకునేది సినిమాల గురించే.

ఈ దశాబ్దంలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో మంచివి పది ఏరి వరస పెడదామన్న ఆలోచన మాస్టారిదే. ముప్పయ్యేళ్ళు మార్కులు వేసిన చెయ్యి ఊరుకోదు కదా. నియమాలు కూడా ఆయనే పెట్టారు. ఎవరి పది వాళ్ళు కాగితం మీద రాసివ్వాలి. మొదటిదానికి పది మార్కులు, పదోదానికి ఒకటి. కనీసం ఇద్దరు చూసిన సినిమా అయితేనే లెక్కలోకి వస్తుంది. ఆయనకు పేర్లు గుర్తుండవు గనక ప్రతి సినిమాకూ ఒక ముద్దుపేరు. వంతెన సినిమా, అక్కాచెల్లెళ్ళ సినిమా, గుర్రం సినిమా, ఇలాగ.

డ్రైవరు వంతెన సినిమా కోసం ప్రాణమిచ్చే రకం. కూలడానికి సిద్ధంగా ఉన్న వంతెన మీదుగా ఒకడు వరదలో చిక్కిన జనాన్ని లారీలో దాటించే కథ అది. తొమ్మిదిసార్లు చూశానని, అందులో గేరు మార్చే చప్పుడు అసలు లారీదేనని, అంత చిన్న విషయంలో కూడా మోసం చెయ్యనివాడే దర్శకుడని వచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు. మాస్టారు అక్కాచెల్లెళ్ళ సినిమా వైపు. ఇద్దరూ మెట్టు దిగలేదు. ఒకరోజు వాదన ముదిరి, డ్రైవరు రక్తపోటు పెరిగి యంత్రం మోగితే, నర్సు పరుగున వచ్చి ఇద్దరినీ కలిపి చీవాట్లు పెట్టింది.

టైలరమ్మ కాగితంలో మొదటి రెండు స్థానాలూ ఖాళీ. తర్వాత నింపుతానంది. మూడో స్థానంలో రాసిన సినిమా పేరైనా మిగతా ఇద్దరూ వినలేదు. హాల్లో నాలుగు రోజులే ఆడిందట. ఆవిడ వెళ్ళిన ఆటకు మొత్తం పదకొండు మంది జనం. నియమం ప్రకారం కొట్టెయ్యాలి. మాస్టారు కలం తీశారు గానీ, ఆవిడ మొహం చూసి ఆగి, ముందు ఆ కథేదో చెప్పమన్నారు.

ఆవిడ సోమవారం మొదలుపెట్టి శుక్రవారం దాకా చెప్పింది. పాత ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపే పెద్దాయన ఒకడు. నెలాఖరుకు కొత్త లిఫ్టు వస్తుంది, ఇక ఆయన అక్కర్లేదు. ఆరో అంతస్తులో టైపు చేసే ఒకామెకు మూసిన లిఫ్టంటే హడల్. రోజూ ఆయాసపడుతూ మెట్లెక్కుతుంది. తను వెళ్ళిపోయేలోగా ఆమె భయం పోగొట్టాలని ఆయన పంతం. మొదటి రోజు ఒక్క అంతస్తు, కొన్నాళ్ళకు రెండు. కథంటే ఇంతే. కానీ టైలరమ్మ చెబుతుంటే అక్కడ లిఫ్టు నిజంగా కదిలింది. సూదులున్న ఎడమ చెయ్యి కదపకూడదు గనక కుడిచేత్తోనే తలుపు లాగేది, మీట నొక్కేది. అటువైపు కుర్చీల్లో రోజూ నిద్రపోయేవాళ్ళు కూడా కళ్ళు తెరిచి విన్నారు. ఎవరో టీవీ గొంతు తగ్గించారు.

శుక్రవారం నాడు కథ చివరికొచ్చింది. లిఫ్టు నాలుగో అంతస్తు దాటుతుండగా పెద్దాయన కోటు గుండీ ఊడిపోయి ఉండటం ఆమె చూసింది. సంచిలోంచి సూదీ దారం తీసి, నిలబడే కుట్టడం మొదలుపెట్టింది. కుట్టు మీద ధ్యాసలో భయం మాట మరిచిపోయింది. పంటితో దారం తెంపేసరికి తలుపు తెరుచుకుంది. చూస్తే ఆరో అంతస్తు.

డ్రైవరు మొహం అటు తిప్పుకున్నాడు. నర్సు దూది చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మర్నాడు మాస్టారి కోడలు ఆ సినిమాను ఎక్కడో వెతికి పట్టుకుని ఫోన్లో పెట్టిచ్చింది. మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన చూశారు. సినిమా బాగానే ఉంది. కానీ గుండీ కుట్టే సీను రాలేదు. వెనక్కి జరిపి మళ్ళీ చూశారు. నాలుగో అంతస్తు దగ్గర ఆమె కమ్మీ పట్టుకుని వణుకుతోంది. మరుక్షణం ఆరో అంతస్తులో నవ్వుతూ దిగుతోంది. మధ్యలో ఏమీ లేదు. మూడోసారి చూసినప్పుడు ఆయనకు కోటు కనబడింది. వణుకుతున్న సీనులో దానికి గుండీ ఒకటి లేదు. దిగే సీనులో ఉంది. సినిమా తీసేటప్పుడు ఎవరూ గమనించుకోలేదన్నమాట.

సోమవారం సూదులు గుచ్చడం పూర్తయ్యాక ఆయన నెమ్మదిగా కదిపారు.

"అమ్మా, సినిమా చూశాను. ఆ గుండీ కుట్టే సీను అందులో లేదు."

టైలరమ్మ ఆయన వైపు తిరిగింది. "లేదా? నాకు ఉన్నట్టే గుర్తు. నాలుగో అంతస్తులో లేని గుండీ ఆరో అంతస్తుకొచ్చేసరికి ఉంది కదండీ మాస్టారూ. ఎవరో ఒకరు కుట్టకుండా ఎలా వస్తుంది?"

మాస్టారు తప్పు పట్టుకున్న చోట ఈవిడ ఒక మనిషి మంచితనాన్ని చూసింది. ఇప్పుడు ఇద్దరు చూసిన సినిమా అయింది గనక దాన్ని ఏకంగా మొదటి స్థానంలో పెడదామన్నారు. అప్పటిదాకా అంగుళం కదలని డ్రైవరు కూడా ఖాళీగా ఉన్న చెయ్యి ఎత్తేశాడు.

ఒప్పుకోనిది టైలరమ్మే. తనకు అది మూడోదేనంది. కాగితం తెప్పించుకుని, ఖాళీగా ఉన్న రెండు స్థానాలూ అక్కడికక్కడే నింపింది. మొదట వంతెన, తర్వాత అక్కాచెల్లెళ్ళు.

"అక్కా, మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదేం?" అన్నాడు డ్రైవరు.

"మీ ఇద్దరి మధ్యలో దూరితే ఇంకో యంత్రం మోగుతుందని. అయినా వంతెన సినిమాకి నువ్వున్నావు తమ్ముడూ. ఈ లిఫ్టు సినిమా గురించి చెప్పేవాళ్ళే లేరు."

మాస్టారు మార్కులు కూడారు. వంతెన మొదటిది, లిఫ్టు మూడోది. తన సినిమా రెండోదైనందుకు ఆయనకు చిన్నమెత్తు బాధ కలగలేదు. పది పేర్లూ గుండ్రటి అక్షరాలతో రాసి, బరువు చూసే యంత్రం పైన గోడకు అంటించమని నర్సుకు ఇచ్చారు. ఇంకా సగం దశాబ్దం మిగిలే ఉందని కింద సగం కాగితం ఖాళీగా వదిలారు.

ఆ శనివారం ముగ్గురూ ఉదయం ఆటకు వెళ్ళారు. కొత్త సినిమా, జనం బాగానే ఉన్నారు. నీళ్ళు కొలిచి తాగే మనుషులు గనక చల్లటి సీసాల వైపు ఎవరూ చూడలేదు. ఇంటర్వెల్‌లో దీపాలు వెలగగానే డ్రైవరు కుర్చీలో ఇటు తిరిగి కూర్చుని, ఇప్పటిదాకా ఏం జరిగిందో చెప్పమని టైలరమ్మను అడిగాడు. మాస్టారు కూడా కళ్ళజోడు సర్దుకుని వినడానికి సిద్ధమయ్యారు.