సీలు వేసిన మూత

నేను ఒక మిక్సీ జారు మూతను. పుట్టిన ఏడు నెలల దాకా, ఒక్క నీళ్ళ పరీక్షకు తప్ప, ఏ జారునూ మూసి ఎరగను. నా తర్వాత పుట్టిన నలభై వేల మూతలు ఇళ్ళకు వెళ్ళి తమ పని తాము చేసుకుంటుంటే, నేను మాత్రం ప్లాస్టిక్ కవరులో, రెండు సంతకాల కింద, జీడిమెట్లలో ఒక రేకుల షెడ్డు గోడకు వేలాడాను. దసరాకు నాకు కుంకుమ బొట్టు కూడా పెట్టారు. పని చెయ్యని వాళ్ళకు దక్కే గౌరవం ఎంతటిదో నాకు బాగా తెలుసు.

నన్ను గీసింది తేజోవర్ధన్. మిక్సీల కంపెనీలో డిజైన్ విభాగానికి పెద్ద. నగరానికి అటు చివర, అద్దాల మేడలో ఏడో అంతస్తులో కూర్చుంటాడు. నా అంచు మందమెంతో వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పగలడు. చట్నీలో ఉప్పు ముందు వెయ్యాలో తర్వాత వెయ్యాలో మాత్రం తెలియదు. పేరుకది మిక్సీల కంపెనీయే గాని సొంతంగా ఒక స్క్రూ కూడా తయారు చెయ్యదు. మోటారు ఒకచోట, జారు ఒకచోట, మూతలు జీడిమెట్లలో విఠల్ షెడ్డులో. వీళ్ళందరినీ కలిపి నడిపించడం ప్రసూన ఉద్యోగం. ఇక్కడి కోపాన్ని అక్కడికి, అక్కడి అబద్ధాన్ని ఇక్కడికి, కాస్త మెత్తగా చేసి చేరవేస్తుందన్నమాట.

కొత్త మూత ఏదైనా ముందు రెండు నమూనాలు చేస్తారు. వాటిని పరీక్షించి, నచ్చితే కవరులో పెట్టి సీలు వేసి, కంపెనీ తరఫున ఒకరు, షెడ్డు తరఫున ఒకరు సంతకాలు చేస్తారు. ఒకటి కంపెనీలో ఉంటుంది, రెండోది తయారు చేసే చోట ఉంటుంది. ఇక మీదట వచ్చే ప్రతి మూతా దీనిలాగే ఉండాలని ఒప్పందం. సీలు తెరిస్తే ఒప్పందం చెల్లదు. అంటే, అందరూ దేనిలా ఉండాలో దాన్ని ఎవరూ చూడకూడదు. ఈ ఏర్పాటు మనుషులకు ఎంత సహజంగా తోచిందంటే, ఒక్కరూ నవ్వలేదు.

నేను ఆ రెండో నమూనాను.

మిషను నుంచి వేడివేడిగా బయటపడ్డ నన్ను మొదట పట్టుకున్నది అండాలు. అంచుల వెంట మిగిలిపోయే పలచని ప్లాస్టిక్ పొరను చిన్న కత్తితో గీకి నున్నగా చెయ్యడం ఆమె పని. పదకొండేళ్ళుగా అదే స్టూలు, అదే కత్తి. ఆమె నా బయటి అంచు గీకింది, అలవాటుగా రబ్బరు రింగు తొడిగి చూసింది. రింగు ఒకచోట ఉబ్బెత్తుగా నిలబడింది. అండాలు ఇంట్లో ఉన్నది కూడా ఈ కంపెనీ పాత మిక్సీయే. దాని మూత కారుతుందని రోజూ గుడ్డ కప్పి పట్టుకుంటుంది. కనుక ఆ ఉబ్బు సంగతి ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. లోపలి గాడి అంచును గోరంత మేర ఏటవాలుగా గీకింది. రింగు సర్దుకుని కూర్చుంది. ఇంకో నమూనాకూ అలాగే చేసి, రెండింటినీ ట్రేలో పెట్టేసి, చేతులు కడుక్కుని అన్నం తినడానికి వెళ్ళింది. తను ఒక డిజైను మార్చానని ఆమెకు తెలియదు. ఇంకెవరికీ తెలియదు కూడా.

కంపెనీలో నాకు సగం జారు నీళ్ళతో పరీక్ష పెట్టారు. చుక్క కారలేదు. ఒక్కసారైనా రుబ్బిన వాళ్ళెవరూ ఆ గదిలో లేరు గనక అది చాలా గొప్ప పరీక్ష అనిపించుకుంది. సంతకాలయ్యాయి, సీలు పడింది. విఠల్ నన్ను తెచ్చి, మిషను ఎదుటి గోడకు, దేవుడి పటం పక్కన మేకుకు తగిలించాడు.

తర్వాత అసలు పని మొదలైంది. నిమిషానికి నాలుగు మూతలు. అండాలు మొదటి రోజు లోపలి గాడి కూడా గీకుతుంటే, విఠల్ వచ్చి బయట అంచు ఒక్కటి చూస్తే చాలని, లోపలి సంగతి డ్రాయింగు చూసుకుంటుందని చెప్పి వెళ్ళాడు. ఆమె సరేనంది.

దసరా నాడు మిషన్లన్నీ కడిగి పూజ చేశారు. విఠల్ నా కవరుకు కూడా నిండుగా బొట్టు పెట్టాడు. అది సరిగ్గా అండాలు గీకిన చోటును కప్పేసింది.

పండగ తర్వాత ఫిర్యాదులు వచ్చాయి. చట్నీ గోడ మీద పడుతోంది, చీర మీద పడుతోంది. కంపెనీ వాళ్ళు మూతలు తెప్పించి కొలిచారు. ప్రతి మూతా డ్రాయింగులో ఉన్నట్టే ఉంది. డ్రాయింగు తప్పు కాదు, మూత తప్పు కాదు, అయినా చట్నీ గోడ మీదే ఉంది. మూడు వారాలు మెయిళ్ళు నడిచాయి. ఒక మెయిలులో అరవై ఏడుగురిని చేర్చారట. అందులో ఒక్కరూ నా కవరు తెరుద్దామనలేదు. కంపెనీ దగ్గరి నమూనా ఆఫీసు అంతస్తు మారినప్పుడు పోయింది. ఆ సంగతి ఏ మెయిలులోనూ లేదు.

చివరికి కంపెనీ ఒక ఫారం పంపింది. అందులో ‘కారణం’ అనే గడి ఉంది. సోమవారం లోపు ఆ గడి నిండకపోతే మూతలు పోసే అచ్చును తీసుకుపోయి ఇంకొకరికి ఇస్తారు. అచ్చు పోతే విఠల్ షెడ్డులో ఇరవై రెండు మందికి పని ఉండదు. తేజోవర్ధన్ డ్రాయింగు తప్పని రాయడు. విఠల్ షెడ్డు తప్పని రాయలేడు. మధ్యలో ప్రసూనకు ఒక మెత్తని దారి దొరికింది: పనిచేసే మనిషి నిర్లక్ష్యం.

శనివారం మధ్యాహ్నం ముగ్గురూ నా కిందే నిలబడ్డారు. విఠల్ అండాలును పిలిచాడు.

“నీ పేరు రాస్తే కాయితం పనైపోతదంట అండాలూ. రెండు నెల్లు ఇంటికాడ ఉండు. మల్ల నేనే పిలుస్త.”

“ఏం తప్పు చేసిన్నని రాస్తరు సార్?”

“సరిగ్గ గీకలేదని.”

“లోపట గీకొద్దన్నది మీరే గద.”

విఠల్ తల దించుకున్నాడు. లోపల గీకడమేమిటని ప్రసూన అడిగింది. అండాలు కత్తితో నన్ను చూపించింది. “గీ గోడకున్నదాన్ని ఇప్పి చూడుండ్రి. అది నా చేతుల నుంచే పోయింది.”

తేజోవర్ధన్ ఓపికగా నియమం చెప్పాడు. “సీల్ తియ్యకూడదమ్మా. తీస్తే అప్రూవల్ పోతుంది.”

“దండం పెట్టుడే గానీ ఒక్కనాడన్న దాని మొకం చూసిండ్రా సార్?”

సీలు తెరిస్తే తెరిచినవాళ్ళ పేరు రిజిస్టరులో రాయాలని, ఆ సంతకం ఎవరు పెడతారని ప్రసూన అడిగింది. తేజోవర్ధన్ ఫోను చూసుకున్నాడు. విఠల్ మిషను వైపు చూశాడు.

“నేను పెడ్త. ఎట్లన్న రాసేది నా పేరే గద. గది నేనే రాస్త,” అని అండాలు స్టూలు ఎక్కి, నన్ను మేకు నుంచి తీసి, కవరును ఆ కొస నుంచి ఈ కొసకు కోసేసింది.

ఏడు నెలల తర్వాత గాలి తగిలింది. ఆ గాలి నిండా ప్లాస్టిక్ వాసనే, అయినా నాకు బాగానే ఉంది.

రబ్బరు రింగు నాలో ఒద్దికగా కూర్చుంది. ట్రేలోని కొత్త మూతలో ఒకచోట ఉబ్బింది. తేజోవర్ధన్ వెంట తెచ్చిన మిక్సీని బల్ల మీద పెట్టించి నీళ్ళు తెమ్మన్నాడు. పరీక్ష పెట్టాలిగా.

“నీళ్ళెవరు రుబ్బుకుంటరు సార్?” అంది అండాలు.

పక్క టిఫిన్ బండి నుంచి పల్లీలు, పచ్చిమిర్చి, చింతపండు వచ్చాయి. ముందు కొత్త మూత పెట్టి తిప్పారు. తేజోవర్ధన్ దగ్గరగా వంగి చూస్తున్నాడు. చొక్కా లేత నీలం. పచ్చిమిర్చి కళ్ళలో పడకపోవడం అతని అదృష్టం. తర్వాత నన్ను పెట్టారు. జారు అదురుతోంది, లోపల చట్నీ లేచి లేచి నా పొట్టకు కొట్టుకుంటోంది. నేను బిగబట్టి కూర్చున్నాను. చుక్క బయటికి పోనివ్వలేదు. మూత పుట్టేది ఇందుకేనని అప్పుడు తెలిసింది.

అచ్చు విఠల్ దగ్గరే ఉండిపోయింది. ఇరవై రెండు మందికీ పని నిలిచింది. ‘కారణం’ గడిలో అండాలు పేరు పడలేదు. డ్రాయింగు పేరూ పడలేదు. ‘నిరంతర మెరుగుదల’ అని రాశారు. అరవై ఏడుగురిలో ఒక్కరూ దానికి అర్థం అడగలేదు. గోరంత ఏటవాలు గీత కొత్త డ్రాయింగులోకి ఎక్కింది. దాని కింద తేజోవర్ధన్ సంతకం ఉంది. సరఫరాదారులతో చెయ్యి కలిపి పనిచెయ్యడం మీద అతను పెద్ద మీటింగులో మాట్లాడాడట. సీళ్ళ రిజిస్టరులో మాత్రం ‘తెరిచినవారు’ అన్నచోట గుండ్రని అక్షరాలతో ‘అండాలు’ అని ఉంది.

అచ్చు దిద్దాక కొత్త నమూనా వచ్చింది. విఠల్ దాన్ని అండాలు ముందు పెట్టి, పంపే ముందు కొంచెం చెయ్యి వెయ్యమన్నాడు. నేను అప్పటికి తుక్కు ట్రేలో ఉన్నాను. ఊపిరి బిగబట్టి చూశాను. ఆమె కత్తి పక్కన పెట్టింది.

“ఈ పారి చెయ్యి పెట్టను సార్. మిషన్ ఎట్ల ఇస్తే అట్లనే పంపుండ్రి.”

అంచున పలచని పొరతోనే అది కంపెనీకి వెళ్ళింది. ఈసారి ఫినిషింగ్ మరీ బాగుందని మెచ్చుకుని సంతకాలు చేసి పంపారు. ఇప్పుడు నా మేకుకు అది వేలాడుతోంది. వచ్చే దసరాకు దానికీ బొట్టు పెడతారు.

సీలు పోయిన నమూనా తుక్కు కింద లెక్క. ముక్కలు చేసే మిషనులో పోసేలోపు అండాలు విఠల్‌ను అడిగి నన్ను తన టిఫిన్ సంచిలో వేసుకుంది. జారు కొలత పాతదే గనక ఇప్పుడు ఆమె ఇంట్లో పాత మిక్సీ మీద ఉన్నాను. మొదటి రోజు ఆమె అలవాటు కొద్దీ గుడ్డ తీసుకుంది. కాసేపు నా వైపు చూసి, గుడ్డను మళ్ళీ దండెం మీద వేసింది. నా అంచుకు ఈ పూట కొత్తిమీర పచ్చడి అంటి ఉంది. కుంకుమ కంటే ఇదే బాగుంది.