ఏటి పక్కన చెలిమె

యూనియన్ సైన్యం వచ్చిన మరుసటి ఎండాకాలం, సూర్యాపేట పక్కన మా వాగు పూర్తిగా ఎండిపోయింది. ఇసుకలో నడుం లోతు చెలిమె తవ్వినా తడి తగల్లేదు. నా పెనిమిటి పోతూ నాకు విడిచినవి ముప్పై గొర్రెలు. వాటిని బతికించుకోవాలని మరిది ఐలయ్యను వెంటబెట్టుకొని, మిర్యాలగూడ మీదుగా కృష్ణకు తోలుకుపోయాను.

నాలుగో రోజు పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి వాడపల్లి చేరాం. జీవాలు నీళ్లు తాగి అప్పటికి ఒకటిన్నర రోజు.

గట్టు దిగి నిలబడిపోయాను. అవతలి ఒడ్డున మనిషి చీమంత ఉన్నాడు. ఇన్ని నీళ్లు, ఎవరూ చేదకుండా, ఎవరూ కాపలా లేకుండా, ఊరికే పోతున్నాయి.

"వదినె, గట్ల నోరు తెరుసుకొని నిలబడితె కృష్ణమ్మ నోట్లకే వస్తది" అన్నాడు ఐలయ్య.

గొర్రెలు మాత్రం తాగలేదు. పుట్టినప్పటి నుంచి నిలిచిన నీళ్లే ఎరిగినవి, కదిలే నీటిని చూసి జంకాయి. ఐలయ్య ముందు నడిచే ముసలి గొర్రెను మెడ పట్టి ఏట్లోకి ఈడ్చాడు. అది విదిలించుకొని గట్టెక్కింది. మంద మొత్తం దాని వెనకే. రెండు గొర్రెలు అక్కడే కూలబడ్డాయి.

నేను నీటికి పది అడుగుల దూరంలో కూర్చుని ఇసుక తవ్వసాగాను.

రేవులో జనాన్ని ఏరు దాటించే పుట్టి నడిపే యేసయ్య అనే అతను చూసి పగలబడి నవ్వాడు. "ఏందమ్మా, ఏరు పక్కన పెట్టుకొని చెలిమె తోడుతున్నవా?"

"నవ్వకయ్యా, మా జీవాలకు గిదే తెలుసు. గిన్ని నీళ్లు యాడికెల్లి వస్తున్నయి? మా దిక్కు సుక్క లేకపాయె."

"పడమట పెద్ద కొండలున్నయంట. మబ్బులు గాడ్నే నెలల తరబడి కుమ్మరిస్తయంట. మీ దిక్కు వచ్చేసరికి వాటి కడుపుల ఏముంటది? గా కురిసిన జరంత గూడ మీ బండ నేల ఆపదు. మీ వాగు మూసీల కలుస్తది గదా? మూసీ అగో, గీడ్నే కృష్ణల కలుస్తది."

అతడు చూపిన వైపు చూశాను. నా ఇంటి కప్పు మీద కురిసిన వానలన్నీ ఈ దారినే పోయాయన్నమాట.

మోచేతి లోతుకే నీరు ఊరి, కదలకుండా నిలిచింది. ముసలి గొర్రె దిగివచ్చి వాసన చూసి మూతి పెట్టింది. అది తాగి తల ఎత్తగానే, అలవాటు కొద్దీ రెండోదాన్ని మెడ పట్టి ఆపాను. మా వాగులో ఒకటి తాగితే, మళ్లీ ఊరేదాకా రెండోది ఆగాల్సిందే.

"ఇడువు వదినె! నిండే ఉన్నది సూడు" అని అరిచాడు ఐలయ్య.

చూశాను. వేలెడు కూడా తగ్గలేదు.

కూలబడ్డ రెండింటికీ ఐలయ్య తలపాగా తడిపి మూతిలో పిండాడు. కాసేపటికి అవీ లేచి వచ్చాయి. ముప్పయ్యోది తాగి తల ఎత్తినప్పుడు కూడా నీరు చెలిమె అంచు దగ్గరే ఉంది.