ఉగ్గుగిన్నెలో కాగితం

నేను ఒక ఉగ్గుగిన్నెను. కంచుతో పోతపోసినదాన్ని, అరచేతిలో ఇమిడేదాన్ని. నాకు ఒక పక్క పిచ్చుక ముక్కులాంటి కొమ్ము ఉంటుంది. దాన్ని పసిబిడ్డ పెదవి మూలకు ఆనించి వంచితే లోపలిది చుక్కచుక్కగా గొంతులోకి దిగుతుంది. అది పాలో ఆముదమో మింగే బిడ్డకు తెలియదు. పోసేవారికి తెలిసి ఉండాలి. నా ఉద్యోగమంతా ఆ నమ్మకం మీదే నడిచింది.

అజ్జరంలో నన్ను పోతపోసిన కంచరి, అంచులు అరగదీశాక, బిడ్డ పెదవికి ఎక్కడ గీసుకుంటుందోనని నా కొమ్మును బొటనవేలితో పదిసార్లు తడిమి చూసుకున్నాడు. అంత శ్రద్ధ ఉండాలని అతనికి ఎవరూ చట్టం చేసి చెప్పలేదు. ఈ మాట గుర్తుంచుకోండి. దీనితో తరువాత పని పడుతుంది.

తణుకు దగ్గరి ఊళ్ళో ఉండే రాహేలమ్మ తన తొలిచూలు కొడుకు ప్రసాదు కోసం నన్ను కొన్నది. రెండేళ్ళ వయసులో ప్రసాదు పిప్పరమెంటు అనుకుని బట్టల పెట్టెలోని కలరా ఉండను కొరికాడు. రాహేలమ్మ నాలో ఉప్పునీళ్ళు కలిపి వాడి గొంతులో పోసింది. వాడు కక్కాడు, బతికాడు. బతికింది ఉప్పునీళ్ళ వల్లనా, మింగినది పిసరంతే కావడం వల్లనా అని ఎవరూ విచారించలేదు. గండం గడిచాక మనుషులు సాక్ష్యం అడగరు. ఆ రోజు నుంచి నేను ఆ ఇంటికి ప్రాణదాతను. మామూలు గిన్నెలతో కలపకుండా నన్ను ఉప్పుజాడీ పక్కన ప్రత్యేకంగా పెట్టారు. నాకూ కొంత గర్వం వచ్చిందని ఒప్పుకోవాలి.

ముప్పై ఏళ్ళు గడిచాయి. ప్రసాదు కరెంటు ఆఫీసులో ఉద్యోగి అయ్యాడు. అతని భార్య పేరు సునంద. వాళ్ళ పాప బ్లెస్సీకి ఏడాదిన్నర. ఒకనాటి ఉదయం ప్రసాదు కిటికీలకు రంగు వేయడం మొదలుపెట్టి, సగంలో వదిలి ఆఫీసుకు వెళ్ళాడు. రంగులో కలపడానికి కొట్టువాడు పోసిచ్చిన టర్పెంటాయిలు కిటికీ అంచుమీదే ఉండిపోయింది. అది ఉన్నది పాత కూల్‌డ్రింకు సీసాలో. సీసా మీద నిగనిగలాడే నారింజపండు బొమ్మ.

పదకొండు గంటలకు చినుకులు పడ్డాయి. దండెం మీది బట్టలు తీయడానికి సునంద పెరట్లోకి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి బ్లెస్సీ సీసాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. గౌను ముందుభాగమంతా తడి. పాప దగ్గుతోంది. గదంతా ఘాటైన వాసన.

రాహేలమ్మ కేక వేసి వంటింట్లోకి పరిగెత్తి నన్ను అందుకుంది. ఉప్పు పెద్ద చిటికెడు, నీళ్ళు నిండా. ఈలోగా సునంద బిస్కెట్ల డబ్బాలోంచి పాప టీకాల కార్డు బయటికి లాగింది. సూది వేసిన నర్సు, పిల్లలు పొరపాటున ఏదైనా మింగితే ముందు అడగమని, ఆ కార్డు వెనక ఒక నంబరు రాసి ఇచ్చి ఉంది. విషం మింగినవారికి ఏం చేయాలో చెప్పే కేంద్రం నంబరు అది. కంగారులో సునంద రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. మూడోసారి ఒక ఆడగొంతు పలికింది.

"చెప్పండమ్మా, పాప ఏం తాగింది?"

"టర్పెంటాయిలండి. కూల్‌డ్రింకు సీసాలో ఉందండి. బట్టలు తీద్దామని ఒక్క నిమిషం అటెళ్ళానండి. ఒక్క నిమిషమేనండి!"

"సరేనమ్మా. వయసెంత? ఏడుస్తోందా? ఊపిరి ఎలా తీస్తోంది?"

"ఏడాదిన్నరండి. ఏడుస్తోంది, దగ్గుతోందండి."

అప్పటికే నా కొమ్ము బ్లెస్సీ పెదవికి ఆనింది. "ఫోన్లో కబుర్లేంటే? పిల్ల నోరు పట్టుకో! ఇది దిగితే మొత్తం కక్కేస్తది" అని గదిమింది రాహేలమ్మ.

పెళ్ళయిన నాలుగేళ్ళలో అత్తగారికి ఎదురు చెప్పి ఎరగని సునంద తన అరచేతిని నాకూ బిడ్డకూ మధ్య అడ్డం పెట్టింది.

"వద్దత్తయ్యా. ముందు ఆవిడ చెప్పేది విననివ్వండి."

"నీ మొగుణ్ణి ఈ గిన్నెతోనే బతికించానే!"

ఆ మాట ఫోనులోకి వెళ్ళినట్టుంది. "పెద్దావిడా? ఆవిడకోసారి ఫోన్ ఇవ్వండి" అన్నది ఆ గొంతు. సునంద ఫోనును అత్తగారి చెవికి ఆనించింది.

"అమ్మా, మీరు ప్రేమకొద్దీ చేస్తున్నారు, నాకు తెలుసు. కానీ టర్పెంటాయిలు కక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అదే అసలు ప్రమాదం. ఆ నీళ్ళు పారబోసెయ్యండి. పాలు కూడా వద్దు. తడిసిన గౌను తీసేసి, ఒళ్ళు కడిగి, పాపని నిటారుగా ఎత్తుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. సీసా కూడా తీసుకెళ్ళండి. దారిలో ఆయాసమొచ్చినా, మగతగా ఉన్నా ఫోన్ చెయ్యండి."

ముప్పై ఏళ్ళ నమ్మకం రాహేలమ్మ పిడికిలిలో సడలడం నాకు తెలిసింది. ఆమె కోడలి అరచేతిని చూసింది, బిడ్డ ముఖాన్ని చూసింది. తరువాత నన్ను కిటికీలోంచి బయటికి వంపేసింది.

ఆటోలో సునంద భుజాన పాప, చేతిలో సీసా. రాహేలమ్మ చేతిలో నేను. నన్ను కింద పెట్టాలని ఆమెకు తోచనే లేదు. ఆస్పత్రిలో పాపను లోపలికి తీసుకువెళ్ళాక ఆ సీసానూ నన్నూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టారు. విషం మోసినదాని ఒంటిమీద పండు బొమ్మ; ప్రాణం పోస్తానని వచ్చిన నేను ఖాళీ. ఆ ఖాళీయే ఆ రోజు బిడ్డకు నేను చేసిన మేలు.

ప్రసాదు పరుగున వచ్చాడు. భయం నిండిన మగవాడి నోట మొదట వచ్చే ప్రశ్నే వచ్చింది. "పిల్లని కనిపెట్టుకుని ఉండలేవా? ఇంట్లో ఏం చేస్తున్నావ్?"

ఎరువు వెళ్ళి నేను ఎన్నో ఇళ్ళ మాటలు విన్నదాన్ని. ఈ ప్రశ్న ఎప్పుడూ ఒక్కరినే వెతుక్కుంటూ వస్తుంది. ఎవరు తెచ్చారు, ఎక్కడ పెట్టారు, తాగే సీసాలో ఎందుకు పోశారు అనేవాటికి ఆ వరసలో చోటుండదు.

రాహేలమ్మ లేచి నిలబడింది. "ఒరే, ఆ సీసా తెచ్చి కిటికీలో వదిలేసింది నువ్వు. కక్కించి పిల్ల ప్రాణం తియ్యబోయింది నేను. మన ముగ్గుర్లో చెయ్యాల్సిన పని చేసింది అదొక్కత్తే. అడిగితే నన్నడుగు. ఆనక నిన్ను నువ్వడుక్కో."

ప్రసాదు బల్ల మీద కూలబడ్డాడు. సీసాను చేతిలోకి తీసుకుని, ఆ పండు బొమ్మను గోటితో గీకడం మొదలుపెట్టాడు. "నాదే తప్పు సునందా" అన్నాడు తల ఎత్తకుండానే.

సాయంత్రం ఆ గొంతే ఫోను చేసి పాప ఎలా ఉందని అడిగింది. దగ్గు తగ్గిందని, రేపటిదాకా చూసి పంపుతామన్నారని చెప్పి, సునంద మళ్ళీ అదే మాట అన్నది. "నేను ఒక్క నిమిషమేనండి అటు తిరిగింది…"

"నాకు ఫోన్ చేసే ప్రతి తల్లీ ముందు ఆ మాటే చెబుతుందమ్మా. ఆ ఒక్క నిమిషం లేని ఇల్లుండదు. మీరు ఆ వెంటనే ఫోన్ చేశారు. అది గుర్తుపెట్టుకోండి."

ఆస్పత్రికి వచ్చాక సునంద మొదటిసారి ఏడ్చింది అప్పుడే. రాహేలమ్మ ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది.

పాప ఇంటికి వచ్చిన మర్నాడు రాహేలమ్మ ఆ సీసాతో రంగుల కొట్టుకు వెళ్ళింది. అందరూ అలాగే పోయించుకుంటారు మామ్మగారూ అన్నాడట కొట్టువాడు. అతని పాత కూల్‌డ్రింకు సీసాలన్నీ గోనెసంచిలో మూట కట్టించేదాకా ఆమె గడప దిగలేదట. పెదవికి గీసుకుంటుందేమోనని పదిసార్లు తడిమిన ఆ కంచరి బొటనవేలు నాకు గుర్తుకు వచ్చింది.

నేను మళ్ళీ ఉప్పుజాడీ పక్కకు చేరాను. ఇప్పుడు నాలో ఉండేది ఒక మడత కాగితం. దాని మీద సునంద పెద్ద అక్షరాలతో రాసిన నంబరు. మొన్న ఎదురింటి మేరీ తన చంటిబిడ్డకు మందు పట్టాలని నన్ను ఎరువడిగింది. రాహేలమ్మ నన్ను కాగితంతో సహా ఆమె చేతిలో పెట్టింది.

"గిన్నె తిరిగిచ్చెయ్యవే అమ్మాయ్. కాగితం మాత్రం నీ దగ్గరే ఉంచుకో."

నేను తిరిగి వచ్చేసరికి జాడీ పక్కన సునంద ఇంకో కాగితం రాసి, మడత పెట్టి ఉంచింది. ఆ నంబరు చేరిన ఇళ్ళలో మేరీది ఏడోది.