అత్తగారి పేరున్న సాలీడు

అల్లుడి ఉద్యోగం సాలీళ్లను చూడటం. చూస్తే కూడా జీతమిస్తారా అని పిల్లనిచ్చిన రోజు నుంచీ అత్తగారికి అనుమానమే. తోడికోడలి అల్లుడు ఇల్లు కట్టి, గేటు మీద తన అత్తగారి పేరు చెక్కించాక ఆ అనుమానం కాస్తా బెంగగా మారింది.

"ఇల్లు ఏముందండీ, అత్తయ్యగారూ! మీ పేరు ఏకంగా ఒక జాతికే పెడుతున్నాను" అన్నాడు అల్లుడు.

గూడు అల్లకుండా దూకి వేటాడే సాలీళ్లలో రెండు జాతులు అచ్చు గుద్దినట్టుంటాయి. అదే ఎర్ర నుదురు, అదే నీలం పొట్ట. మగది ఆడదాని ముందు ఆడితేనే తేడా తెలుస్తుంది. ఒకటి మూడో జత కాళ్లు పైకెత్తి అలాగే నిలబడుతుంది, ఇంకొకటి వాటినే టపటపా ఆడిస్తుంది. అతనికి దొరికింది మాత్రం ఒక్క కాలే ఎత్తింది. ఇంకేం, కొత్త జాతి! వ్యాసం పంపడమే తరువాయి. తనను చూస్తే ఒంటికాలి మీద లేచే అత్తగారి పేరు దానికి అతికినట్టు సరిపోయిందన్న మాట మాత్రం అతను పైకి అనలేదు.

ఆవిడ ఆగుతుందా? చుట్టాలందరికీ ఫోన్లు చేసి, తోడికోడల్ని వెంటబెట్టుకుని ప్రయోగశాలకే వచ్చేసింది. గాజుడబ్బా మీద భూతద్దం పెట్టి, "చూడక్కా, ఇది నేనే" అంది.

తోడికోడలు చాలాసేపు చూసింది. "సాలీడుకి ఎనిమిది కాళ్లు కదే? నీకు ఏడే ఉన్నాయేంటి?"

అతను గబగబా భూతద్దం అందుకున్నాడు. నిజమే, ఏడే. నుదుటి మీది వెంట్రుకల రంగులు కూడా వదలకుండా రాసుకున్నవాడు కాళ్లు లెక్కపెట్టలేదు! మూడో జతలో ఒకటి ఎక్కడో ఊడిపోయింది. అది, పాపం, మిగిలినదాన్నే ఎత్తి ఆడుతోంది. ఏదో ఒకటి చెప్పమని అత్తగారు కళ్లతోనే బతిమాలింది. ఈ జాతికి ఏడే అంటే చాలు, తోడికోడలు నమ్మేస్తుంది. అబద్ధం అతని నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇది పాత జాతే, అత్తయ్యగారూ. కాలు పోయిందంతే. తప్పు నాదే."

తోడికోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తగారి మొహం కందగడ్డయింది.

"చూశావా అక్కా? అత్తగారి మెప్పు కోసం కూడా అబద్ధమాడడు. ఇలాంటి అల్లుడు దొరకాలంటే రాసిపెట్టి ఉండాలి."

అతనికి కళ్లు చెమర్చాయి. ఆవిడ నోట తన గురించి ఒక మంచిమాట వినడం అదే మొదలు.

తోడికోడలు గుమ్మం దాటాక ఆవిడ చరచరా వెనక్కి వచ్చింది.

"సాయంత్రం ఇంటికి రండి, అల్లుడుగారూ" అంది గొంతు తగ్గించి. "మీ సంగతి చెప్తాను."