ఫోన్ చేసింది మేమే

మానవ్ పరుపు మంచులో పడేసి ఉంది. తాగి స్పృహ తప్పిన రూమ్మేట్ కోసం అతను ఎమర్జెన్సీ నంబరు 911కి కాల్ చేశాడు. రూమ్మేట్ బతికాడు. పోలీసులు ఎవరినీ ఏమీ అనలేదు. అమెరికాలో ఇరవై ఒక్క ఏళ్లు నిండకుండా తాగడం నేరమైనా, సాయం కోసం కాల్ చేసి పక్కనే ఉన్నవాళ్ల మీద కేసు పెట్టకుండా చట్టం అడ్డుపడింది. కానీ ఆ చట్టం బిల్డింగ్ ఓనర్ గ్రెగ్‌ని ఆపలేదు.

"నా బిల్డింగ్‌కి అంబులెన్స్ వస్తే, పిలిచినవాడి లీజు క్యాన్సిల్," అన్నాడు గ్రెగ్.

అరోరా ఊళ్లోని ఆ బిల్డింగంతా స్టూడెంట్లమే. కిటికీల వెనక నిలబడి చూశాం. ఒక్కరం కూడా కిందికి దిగలేదు. మానవ్ ఆ రోజు నుంచి కారులోనే పడుకుంటున్నాడు.

తర్వాతి శనివారం మధ్యాహ్నం ఆ బిల్డింగ్‌లోనే మా డాన్స్ టీమ్ పార్టీలో వేద ఎక్కువ తాగి పడిపోయింది. పెదవులు నీలంగా మారాయి. పిలిస్తే పలకడం లేదు.

మాకు అలవాటైన పనే చేశాం. అంకుల్‌కి ఫోన్. మా ఇళ్లలో జ్వరమొచ్చినా, కారు గుద్దుకున్నా ముందు ఎవరో ఒక అంకుల్‌నే అడుగుతారు. వేణుమాధవ్ అంకుల్ పళ్ల డాక్టరు.

"మజ్జిగ పట్టించి పడుకోబెట్టండమ్మా. 911 మాత్రం వద్దు. మీలో వీసా మీద ఉన్నోళ్లున్నారు కదా."

ఆద్య మజ్జిగ గ్లాసు తెచ్చింది. జాహ్నవి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"మింగలేదే అది. ఊపిరాడక పోతుంది. పక్కకి తిప్పు."

వేద ఊపిరి ఆగింది. కొన్ని క్షణాలకి గరగరమని మళ్లీ మొదలైంది.

ఆరుష్ షూస్ వేసుకుంటున్నాడు. "నాది ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా రా. నేను పోతున్నా."

"పిలిచినవాళ్లని చట్టం కాపాడుతుంది," అంది జాహ్నవి.

"మానవ్‌ని కాపాడిందా?"

"వాడు ఒక్కడే చేశాడు, దొరికిపోయాడు. అందరం చేశామంటే గ్రెగ్ ఎవర్ని గెంటుతాడు? బిల్డింగ్ ఖాళీ చేసుకుంటాడా?"

ఆమె 911 నొక్కింది. స్పీకర్‌లో ఆపరేటర్ అడ్రస్ అడిగింది. పేరు అడిగింది.

"జాహ్నవి."

"ఆద్య కూడా," అంది వెనక నుంచి ఆద్య.

"నేను కూడా. అనుష్క."

ఒక్క షూతో తలుపు దగ్గర నిలబడ్డ ఆరుష్ వెనక్కి తిరిగాడు. "ఆరుష్," అన్నాడు. అని, బయటికి పరుగెత్తాడు. పారిపోతున్నాడనుకున్నాం. వరండాలో ఒక్కో ఫ్లాట్ తలుపూ బాదుతున్న చప్పుడు వినిపించింది.

అంబులెన్స్ వెనకే గ్రెగ్ వచ్చాడు. మెట్ల నిండా మేమే ఉన్నాం.

"ఎవరు పిలిచింది?"

ఎవరి గొంతు ముందు లేచిందో తెలియదు.

"మేమే."

పై అంతస్తు నుంచీ అదే మాట. స్ట్రెచర్‌కి దారి ఇచ్చి, గ్రెగ్ ముందు మళ్లీ మూసేశాం. వేద ఆక్సిజన్ మాస్క్ లోపల ఆవిరి పట్టింది. పోయింది. మళ్లీ పట్టింది.

"అందరికీ నోటీసులిస్తా," అన్నాడు గ్రెగ్.

సోమవారం ప్రతి తలుపుకీ నోటీసు అంటించి ఉంది. భయం పోలేదు. ఆ భయంతోనే అందరం కిందికి దిగి, తడిసిన మానవ్ పరుపు ఎత్తుకుని, గ్రెగ్ చూస్తుండగా మెట్లెక్కాం.