వీళ్లలో చందు ఎవరు?

మా వదిన భానుశ్రీకి కోపం వస్తే గిన్నెలు మాట్లాడతాయి. ఆమె మాట్లాడదు. పోయిన ఏడాది జాతర నుంచి మా ఇంట్లో గిన్నెలు మాట్లాడుతూనే ఉన్నాయి, అదీ మా అమ్మతోనే.

మా తిరుపతిలో మే నెలలో గంగమ్మ జాతర జరుగుతుంది. రోజుకో వేషం. మొదట వచ్చేది బైరాగి వేషం. తల నుంచి కాళ్ల దాకా తెల్ల సుద్ద పూసుకుని, వేపమండ పట్టుకుని గుడికి పోయి మొక్కు తీర్చుకోవాలి. మా వీధి పిల్లలను తీసుకుపోయేది ఎప్పుడూ మా అమ్మ దేవకమ్మే. చిన్నప్పుడు నేను కూడా సుద్ద పూసుకుని ఆమె వెనకాల నడిచినదాన్నే. పోయిన ఏడాది ఐదుగురిని తీసుకుపోయింది. మా అన్న కొడుకు చందు, పక్కింటి పంకజాక్షక్క కొడుకు మోహన, ఎదురింటి ముగ్గురు ఆడపిల్లలు. అందరూ ఆరేడేళ్ల వాళ్లు, అటూ ఇటుగా ఒకటే ఎత్తు. తోడు నేను పోవాల్సింది. ఎండగా ఉందని వంక పెట్టి, ఫోన్ చూసుకుంటూ ఇంట్లో పడుకున్నాను. ఆ సంగతి తర్వాత ఎవరూ అడగలేదు. నేనూ ఎత్తలేదు.

గుడి మలుపు దగ్గర జనం ఒక్కసారిగా తోసుకున్నారు. అమ్మ సర్దుకుని చూస్తే నలుగురే ఉన్నారు. తప్పిపోయింది చందు. గంటన్నర తర్వాత అంబలి పోసే పందిరిలో దొరికాడు. అంబలి పోస్తున్న ఒకామె వాడి మొహం కడిగి, పేరు అడిగి, మైకులో చెప్పించింది. వాడు ఏడవలేదు కూడా. మూడు గ్లాసులు తాగి నిద్రపోయాడు. వాడి బదులు మా వదిన ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, చివరికి అమ్మను ఒక్క మాట అంది.

"వీధిలో పిల్లోళ్లనందరినీ బద్రంగా ఇంటికి తెచ్చినావు. నీ మనవడిని మాత్రం ఆడ ఇడిసిపెట్టి వచ్చినావు."

అమ్మ నోరు తెరవలేదు. మా జాతరలో అమ్మవారిని తిట్టడం కూడా మొక్కే, నోటికొచ్చినట్టు తిడతారు. ఇంట్లో అత్తను అనడం ఏ మొక్కు కిందికొస్తుందని అడగాలని నాలిక చివరి దాకా వచ్చింది. ఆ రోజు నాకు అడిగే మొహం లేక ఊరుకున్నాను.

అప్పటి నుంచి చందును బడికి తీసుకుపోయే పని అమ్మ చేతిలోంచి పోయింది. బడికి నాలుగు సందులు. ఆ నాలుగు సందులూ వాడి చెయ్యి పట్టుకుని నడవడం కోసమే అమ్మ పొద్దున్నే తల దువ్వుకునేది. ఇప్పుడు వదిన స్కూటీ మీద దింపుతుంది. అమ్మ గడపలో నిలబడి, బండి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వస్తుంది. వాడిని అంగడికి కూడా ఆమెతో పంపరు. ఏడాదంతా ఇదే.

నేను ఏర్పేడు దగ్గర ఒక పరిశోధన సంస్థలో ప్రాజెక్టు అసిస్టెంటుని. పేరు గొప్పదే గానీ, చేసే పని మనుషులను పిలిచి కంప్యూటర్‌లో చుక్కలు చూపించడం. తెర మీద పది తెల్ల చుక్కలుంటాయి. వాటిలో కొన్ని మెరుస్తాయి, మళ్లీ మామూలుగా అయిపోతాయి. తర్వాత పదీ కలగలిసి అటూ ఇటూ పరుగెత్తుతాయి. ఆగాక, ముందు మెరిసినవి ఏవో చూపించాలి. మూడైతే అందరూ చూపిస్తారు. నాలుగైతే చాలామంది. ఐదు దగ్గర తడబాటు మొదలవుతుంది. చదువుకున్నామని విర్రవీగేవాళ్లూ అక్కడే తడబడతారు, మా ప్రొఫెసరు గారితో సహా. ఇతర దేశాల్లో కోతులతో కూడా ఇదే ఆట ఆడించారు. సరిగ్గా చూపిస్తే పండ్లరసం ఇస్తారు. వాటికీ ఇట్లాంటి హద్దే ఉంది. ఇంకో విచిత్రం, చుక్కలన్నీ ఒక పక్కనే తిరిగితే కష్టం. ఎడమ పక్క రెండు, కుడి పక్క రెండు అయితే సులువు. ఇదీ మనకూ వాటికీ ఒకటే.

పెద్ద వయసు వాళ్లు కావాలంటే మార్చిలో ఒక శనివారం అమ్మను తీసుకుపోయాను. ముందు కోతి వీడియో చూపించాను. కొండ మెట్ల దారిలో కోతులకు కొబ్బరిచిప్పలు సమర్పించుకున్న అనుభవం ఆమెకు చాలానే ఉంది.

"దానికి నేర్పించాల్నా? నలుగురి చేతుల్లో నాలుగు అరటిపండ్లు ఉంటే, నాలుగింటి మీదా కన్నేసే ఉంటాదది" అంది.

నాలుగు చుక్కలు చక్కగా పట్టుకుంది. ఐదు పెడితే రెండుసార్లలో ఒకసారి ఒకటి జారిపోయింది. "కోతి కంటే మేలేనా నేను?" అని నవ్వింది. ఆమె నవ్వి చాలా రోజులైంది. ఆ ఉత్సాహంలో నేను ఆపకుండా ఇంకో రకం ఆట పెట్టాను. ఇందులో కొన్ని చుక్కలకు మొదట్లో పేర్లుంటాయి. కాసేపటికి పేర్లు పోతాయి, చుక్కలు పరుగెత్తుతాయి. ఆగాక ఏది ఎవరో చెప్పాలి. ఏ పేర్లు పెట్టాలా అని చూసి, బుద్ధి లేకుండా మా వీధి పిల్లల ఐదు పేర్లే కొట్టాను.

చుక్కలు ఆగాయి. పేర్లు పెట్టిన చుక్కలు ఎక్కడున్నాయో అమ్మ ఐదింటిలో నాలుగు సరిగ్గానే చూపించింది, ఏది ఎవరో ఇంకా చెప్పలేదు.

"వీళ్లలో చందు ఎవరు?" అని అడిగాను.

అమ్మ మౌసు వదిలేసింది.

"ఆ పొద్దు గూడా ఇంతే రేవతీ" అంది. "నలుగురే ఉండారని తెలిసింది. పోయింది ఎవురో తెలీలే. అందురూ తెల్లంగా ఉండారు. ఒక్కొక్కరి పేరే పిలిసినా. చందూ అంటే ఎవురూ పలకలే."

ఏడాదిగా ఇంట్లో నలుగుతున్న మాట ఏమిటి? పొరుగు పిల్లలను చూసుకుని మనవడిని వదిలేసిందని. ఆమె ఎవరినీ ఎంచుకోలేదు. పోయింది ఎవరో కూడా ఆమెకు తెలియదు.

"అది గాదు రేవతీ" అంది అమ్మ, నా మనసులో మాట విన్నట్టే. "అంబలి పందిరి ముందర రెండు తూర్లు పోయినా. తెల్లంగా ఒగ బిడ్డ కూసోని తాగతా ఉన్నాడు. ఎవురి బిడ్డో పాపం అనుకుని దాటుకోని పోయినా. నా మనవడే వాడు."

ఇక్కడికొచ్చే వాళ్లందరికీ ఇట్లాగే అవుతుందని చెప్పాను. కన్ను చుక్కను పట్టుకుంటుంది గానీ దాని పేరును పట్టుకోలేదని, మా ప్రొఫెసరు చెప్పే మాటలన్నీ చెప్పాను.

"అందురికీ అయితే కానీలే. నేను వాడి అవ్వను గదా" అంది. "మీ వదినకు సెప్పొద్దు."

చెప్పలేదు. చూపిద్దామనుకున్నాను. తర్వాతి వారం, మనుషులు తక్కువయ్యారు రమ్మని బతిమాలి వదినను తీసుకుపోయాను. అవే ఐదు పేర్లు పెట్టాను. చుక్కలు ఆగాయి. చందు ఎవరు అని అడిగితే వదిన రెప్ప వెయ్యకుండా చూపించింది. "ఇదే." తెర మీద మోహన అని పడింది. రెండోసారి ఎదురింటి పిల్ల పేరు పడింది. మూడోసారి చందే వచ్చాడు గానీ, అప్పటికి ఆమె మొహం మారిపోయింది.

"మీ అమ్మ తప్పేమీ లేదని సెప్పడానికేనా నన్ను ఈడికి తోలకొచ్చినావు?" అంది.

దొరికిపోయాను. నేను కొంచెం ఎక్కువ తెలివి చూపించాను.

"ఇవి సుక్కలు రేవతీ. బిడ్డలు సుక్కలా? కన్నతల్లిని నేను. లచ్చమంది లోంచి అయినా నా బిడ్డని పట్టుకుంటా."

బస్సులో తిరుపతి దాకా ఒకే సీటులో వచ్చాం, ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ రాత్రి గిన్నెలు నాతో కూడా మాట్లాడాయి.

ఈ ఏడాది జాతర వచ్చింది. "ఈ తూరి నేనే తీసకపోతా. అత్త ఇంటి కాడ ఉంటాది" అని వదిన తేల్చేసింది. అమ్మ ముందు రోజే సుద్ద నానబెట్టి ఉంచింది, ఆ గిన్నె తెచ్చి వదిన ముందు పెట్టి లోపలికి పోయింది. కానీ పంకజాక్షక్క మోహనను తెచ్చి గుమ్మంలో నిలబెట్టి, "దేవకమ్మత్త రాకుంటే మావోణ్ని పంపీను" అని అడ్డం తిరిగింది. ఎదురింటి వాళ్లదీ అదే మాట. వదినకు ఒప్పుకోక తప్పలేదు. ఒకటే షరతు. చందును మాత్రం ఆమే పట్టుకుంటుంది. నేనూ బయల్దేరాను. ఈసారి ఎండ గురించి మాట్లాడలేదు.

అమ్మ నడిమధ్యలో నడిచింది. ఇద్దరు పిల్లలు ఎడమ పక్క, ఇద్దరు కుడి పక్క. ఇట్లా నడవమని నేను చెప్పలేదు, రెండు పక్కలా ఉంటే సులువని ఆ రోజు లాబ్‌లో విన్నది మనసులో పెట్టుకుంది. వదిన చందు చెయ్యి పట్టుకుని ఒక అడుగు వెనక వస్తోంది. గుడి మలుపు వచ్చేసరికి డప్పులు చెవులు బద్దలు చేస్తున్నాయి. ఎవరో పెద్ద వేషం కట్టుకుని వస్తుంటే దారి ఇవ్వడానికి జనం ఇటు పక్కకు ఒరిగారు. నేను ఆడపిల్లలను రెక్కలు పట్టి గోడవారకు లాగాను. నాలుగు క్షణాలు ఏమీ కనపడలేదు. జనం పలచబడ్డాక చూస్తే అమ్మ ఉంది, వదిన ఉంది, ఇద్దరి చేతుల్లో పిల్లలున్నారు. లెక్కపెట్టాను. ఐదుగురు. హమ్మయ్య అనుకున్నాను.

మొక్కు తీరింది. తిరిగి వస్తూ వదిన తన చేతిలో ఉన్నవాడికి ఐసు కొనిచ్చింది. "నా బంగారు, సెయ్యి ఇడవలేదు సూడు" అని డప్పుల చప్పుడులోనే ముద్దు చేసింది. మా వీధి మొదట్లో కుళాయి ఉంది. పిల్లలను అక్కడే కడిగి ఇంటికి పంపడం అలవాటు. వదిన మొదట తనవాడినే కుళాయి కింద నిలబెట్టి, దోసిలితో నీళ్లు పట్టి మొహం మీద పోసింది. సుద్ద కారిపోయింది.

మోహన.

"ఇంగో ఐసు కొనిస్తావా ఆంటీ?" అన్నాడు వాడు.

వదిన చేతుల్లో నీళ్లు కారిపోయాయి. "నువ్వా? ఎందుకు సెప్పలేదురా?"

"నువ్వు అడగలేదు గదా."

"చందూ!" అని ఆమె పెట్టిన కేకకు వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. అమ్మ వెనక నుంచి, ఆమె కొంగు పట్టుకుని, తెల్లటి తల ఒకటి బయటికొచ్చింది. "ఈడే ఉండాను మా. మలుపు కాడ అవ్వ సెయ్యి పట్టుకునింది."

అమ్మ కూడా వాడిని తెల్లబోయి చూసింది. ఆమెకూ తెలియదు. మలుపు దగ్గర దొరికిన చెయ్యి మన పిల్లల్లో ఎవరిదో అనుకుని గట్టిగా పట్టుకుంది, అంతే.

వదిన వాడి మొహం కడిగింది. రెండుసార్లు కడిగింది. నేను నవ్వుతానేమోనని భయపడి నోరు బిగబట్టుకున్నాను. నిజానికి నవ్వు రాలేదు. ఆమెను చూస్తే జాలేసింది.

సాయంత్రం మా అన్న హరినాథ్ డ్యూటీ దిగి వచ్చాడు. ఆర్టీసీలో కండక్టరు. బ్యాగు దించకముందే అడిగాడు. "ఈ తూరి జాగర్తగా సూసుకున్నారా? మలుపు కాడ వాడు ఎవురి కాడ ఉన్నాడు?"

"వాళ్లమ్మ కాడే నాయనా" అంది అమ్మ వెంటనే. "సెయ్యి ఇడిసింది లేదు."

ఏడాది పాటు నింద మోసిన మనిషి. ఒక్క మాటతో అన్నీ తిరిగి ఇచ్చేసే అవకాశం చేతికొస్తే, దాన్ని వదినకే దానం చేసింది. నేనైతే అట్లా వదిలి ఉండేదాన్ని కాదు.

వదిన వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "కాదు" అంది. "అత్త కాడ ఉన్నాడు. నేను పట్టుకునింది మోహనని. వీధి మొదలు దాకా వాడు నా బిడ్డే అనుకుంటా వచ్చినా."

అన్న అర్థం కాక ఇద్దరినీ చూశాడు. వదిన అమ్మ దగ్గరికి వచ్చి కింద కూర్చుంది.

"పోయినేడు నీకు గూడా ఇట్లనే అయిందా అత్తా?"

అమ్మ తల ఊపింది.

"మరి ఇన్ని దినాలు ఎందుకు సెప్పలేదు? నేను అంత మాటన్నా గూడా?"

"ఏమని సెప్పేది భానూ? మనవడు ఎదురుగా కూసోనుంటే అవ్వకే ఆనవాలు తెలీలేదనా?"

వదిన ఏడ్చింది. అమ్మ కూడా. మా అన్న ఏమీ తోచక పోయి కాఫీ పెట్టాడు. తీపి చాలలేదు, అయినా అందరం తాగాం.

మర్నాడు బండ వేషం. ఒళ్లంతా కుంకుమ పూసుకుని పోవాలి. వదిన చందుకు తనే పూసింది, చెవుల వెనక కూడా వదలకుండా. మోహనా, ఎదురింటి పిల్లలూ ఎర్రెర్రగా వచ్చి వాకిట్లో నిలబడ్డారు. వదిన అమ్మ చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టింది. చందు చెయ్యి తీసుకుని అమ్మ చేతిలో పెట్టింది.

"నువ్వు రావా?" అంది అమ్మ.

"నాకు పనుండాది. రేవతి వస్తాదిలే. ఈ పొద్దు ఎరుపు అత్తా. దోవలో పేరడగతా ఉండు."

అమ్మ నడిచింది. నేను ఆడపిల్లలతో వెనక నడుస్తున్నాను. పది అడుగులకోసారి అమ్మ పక్కకు వంగి అడుగుతోంది.

"ఎవురు నాయనా నువ్వు?"

"చందు."

ఇంకో పది అడుగులు.

"ఎవురు నాయనా నువ్వు?"

"చందునే అవ్వా!" వాడికి విసుగొస్తోంది. అమ్మకు రావడం లేదు. గుడి దాకా అడుగుతూనే ఉంది.